బేస్ గిటార్ నెక్ లావుగా ఉందని అమ్మేద్దామనుకుంటున్నవాళ్ళకి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. ఉండేది చెన్నై షోలింగనల్లూర్, ఆఫీస్ అయ్యాక రాత్రిపూట ప్రాక్టీసు, ఆదివారం తెలుగు చర్చ్‌లో వాయిస్తావు. చేతిలో ఉన్నది ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ మోడల్‌కి కాపీ బేస్, కొని ఏడాది కూడా కాలేదు. నెక్, అంటే తీగల కింద ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి చెక్క, పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టు ఉంది, అరగంటకే ఎడమ చేతి బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది, చేతులు చిన్నవి. అందుకని అది అమ్మేసి ఐబనెజ్ ఎస్ఆర్ లాంటి సన్న నెక్ కొనుక్కోవాలా, జాజ్ బేస్ కొనుక్కోవాలా, ఎలాగూ మారుస్తున్నా కాబట్టి ఐదు తీగలదే తీసుకోవచ్చా అని.

ఇప్పుడే అమ్మొద్దు. నీకు సన్న నెక్ పడదని కాదు నేననేది, పడొచ్చు కూడా. కానీ నువ్వు రాసిన నొప్పి చదివితే నాకు నెక్ లావు మీద కంటే నట్ ఎత్తు మీదే అనుమానం ఎక్కువ, నట్ అంటే హెడ్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ. నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో, చర్చ్‌ల్లో, అప్పుడప్పుడూ వడపళని వైపు స్టూడియోల్లో వాయిస్తూ చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఎవరి బేస్ ఇస్తే అది వాయించాల్సిన పరిస్థితులు కూడా బోలెడు. "నెక్ లావుగా ఉందన్నా" అని తెచ్చి చూపించిన బేసుల్లో సగానికి పైగా సెటప్ చేస్తే, అంటే తీగల ఎత్తూ నెక్ వంగుడూ సరిచేస్తే, సరిపోయేవే. షాపువాడు ఆ మాట చెప్పడు, వాడికి ఇంకో బేస్ అమ్ముడుపోవాలి కదా.

అసలు లావు అని మనం అనేదాంట్లో వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. నట్ దగ్గర వెడల్పు ఒకటి, వేళ్ళ వైపు నుంచి వెనక బొటనవేలి వరకు మందం ఒకటి, ఆ రెండింటి మధ్య వెనకాల వంపు ఎలా తిరిగిందనేది ఇంకొకటి. కాగితం మీద అందరూ చూసేది మొదటిదే, ఎందుకంటే అది ఒక్కటే అన్ని కంపెనీలూ రాస్తాయి.

ఆ మొదటిదాని సంగతి ముందు తేల్చేద్దాం. ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు నట్ వెడల్పు 1.75 అంగుళాలు, అంటే 44.45 ఎంఎం. 1960లో జాజ్ బేస్ వచ్చింది, దానికి 1.5 అంగుళాలు, 38.1 ఎంఎం. తర్వాత్తర్వాత ప్రెసిషన్‌కి కూడా 1.625 అంగుళాలు, అంటే 41.3 ఎంఎం మామూలైపోయింది. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే కూడా ఆ 41.3 లోనే ఉంటుంది. ఐబనెజ్ ఎస్ఆర్300ఇ అయితే 38. ఐబనెజ్‌లోనే చవకది జీఎస్ఆర్200 చూడు, అది 41, చాలామంది ఐబనెజ్ అంటే చాలు సన్నగా ఉంటుందని కళ్ళు మూసుకుని కొనేస్తారు, ఇంటికొచ్చాక ఇదేంది ఇట్టా ఉంది అంటారు. పాత ఫెండర్ నెక్కుల మడమ (బాడీకి బిగించే చివర) మీద ఏ, బీ, సీ అని ముద్ర ఉంటుంది, అవి ఈ నట్ వెడల్పుకి గుర్తులు, ఏ అంటే 38, బీ అంటే 41.3, సీ అంటే 44.45. ఇప్పుడు మనం వెనక వంపుని బట్టి సీ షేప్ నెక్ అనేదానికీ ఆ సీ ముద్రకీ ఏ సంబంధం లేదు, సెకండ్‌హ్యాండ్ యాడ్స్‌లో ఈ రెండూ కలిపేసి రాస్తుంటారు, జాగ్రత్త.

నట్ దగ్గర 3 ఎంఎం తేడా అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) బాగా తెలుస్తుంది, అన్నిటికంటే లావుగా ఉండే ఈ (E) తీగ మీద నొక్కడానికి వేళ్ళు అంత తక్కువ దూరం చాచాలి. పన్నెండో ఫ్రెట్ దాటాక జాజ్‌కీ ప్రెసిషన్‌కీ పెద్ద తేడా ఉండదు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర రెండింటికీ తీగల మధ్య దూరం దాదాపు ఒకటే, 19 ఎంఎం చుట్టూ ఉంటుంది.

మందం సంగతికొస్తే అసలు చిక్కు అక్కడే. ఐబనెజ్ వాడు మంచి పని చేస్తాడు, ఎస్ఆర్300ఇకి మొదటి ఫ్రెట్ దగ్గర 19.5, పన్నెండో ఫ్రెట్ దగ్గర 21.5 అని నంబర్లు వేస్తాడు. ఫెండర్, స్క్వయర్ వాళ్ళ స్పెక్స్‌లో ఎక్కువగా "మోడర్న్ సీ" అని ఊరుకుంటారు, దాన్ని బట్టి నీకేం తెలియదు. మామూలుగా ఫెండర్ టైపు నెక్కులు మొదటి ఫ్రెట్ దగ్గర 20 నుంచి 22 మధ్య తిరుగుతుంటాయి, అదే మోడల్‌లో ఒక పీసుకీ ఇంకో పీసుకీ కూడా తేడా వస్తుంది, వెనక వైపు రాపిడి పట్టేటప్పుడు ఒకడి చెయ్యి ఇంకొంచెం ఎక్కువ పడిందంటే అంతే సంగతులు. జాజ్ నట్ దగ్గర ఇరుకు కాబట్టి మందం కూడా తక్కువే ఉంటుందనుకోకు, ఇరుకుగా ఉండి వెనక్కి బాగా పొడుచుకొచ్చిన జాజ్ నెక్కులు ఉన్నాయి, చేతిలో గుండ్రంగా పడతాయి. వెడల్పుగా ఉండి పల్చగా ఉన్న ప్రెసిషన్లూ ఉన్నాయి. నీదేంటో కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్ చాలు, మామూలు ఆరంగుళాలది. ఈ (E), ఏ (A) తీగలు కాస్త వదులు చేసి పక్కకి జరిపి, కాలిపర్ దవడ నెక్ మధ్య వరకు వెళ్ళేలా పెట్టు. అంచు మీద కొలిస్తే తప్పు నంబరే వస్తుంది, మధ్యలో ఉబ్బు ఉంటుంది కాబట్టి. ఫ్రెట్ మీద పెట్టి కొలిస్తే ఫ్రెట్ ఎత్తు ఒక ఎంఎం దాకా కలుస్తుంది, అందుకే ఫ్రెట్‌కి ఆనుకుని చెక్క మీద పెట్టాలి. వేరే బేస్‌తో పోల్చేటప్పుడు కూడా అలాగే పెట్టి కొలువు, ఒకటి ఫ్రెట్ మీదా ఒకటి చెక్క మీదా కొలిస్తే లేని తేడా కనబడుద్ది.

ఇక వంపు. నా దృష్టిలో చేతికి అన్నిటికంటే ఎక్కువ తెలిసేది ఇదే, దీనికి నంబర్ లేదు. రెండు నెక్కులు 38 వెడల్పు, 21 మందం అనుకో, రెండూ ఒకేలా ఉంటాయా అంటే ఉండవు. ఒకదాని పక్క భాగాలు, భుజాలు అంటారు చూడు, అవి నిండుగా ఉంటే డీ ఆకారం అవుతుంది, అరచేతి నిండా పడుతుంది, లావు అనిపిస్తుంది. ఇంకోదాని భుజాలు కోసేసినట్టు ఏటవాలుగా ఉంటే వీ వైపు పోతుంది, మధ్యలో మాత్రం గట్టు తగులుతుంది, సన్నగా అనిపిస్తుంది, కానీ బొటనవేలు నేరుగా వెనక పెట్టేవాళ్ళకి ఆ గట్టు గుచ్చుకుంటుంది. బొటనవేలు పైకి వేలాడేసి వాయించేవాళ్ళకి మళ్ళీ అదే హాయి. కొన్ని ఖరీదైన వాటికి ఒక భుజం నిండుగా, ఒకటి తక్కువగా కూడా చేస్తారు.

ఇది ఫొటోల్లో కనబడదు. నేను చేసే పని చెప్తాను, సోల్డరింగ్ తీగ లావుది ఒక అడుగు ముక్క తీసుకో, ఎలక్ట్రికల్ షాపులో దొరుకుద్ది, మొదటి ఫ్రెట్ వెనకాల నెక్ చుట్టూ బిగుతుగా వంచి, మెల్లగా, ఆకారం చెడకుండా పక్కకి లాగి తీసి, కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంబడి పెన్సిల్‌తో గీసుకో. అదే ఐదో ఫ్రెట్ దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకో. షాపుకి వెళ్ళినప్పుడు గానీ, ఎవడిదైనా బేస్ చేతికి నచ్చినప్పుడు గానీ అలాగే తీసి దాని పక్కనే గియ్యి. రెండు మూడు బొమ్మలు పక్కపక్కన పడేసరికి నీ చేతికి ఏది పడుతుందో అప్పుడు తెలుస్తుంది, చాలాసార్లు మనం లావు అనుకున్నది భుజమే తప్ప మందం కాదని బయటపడుద్ది. ఆకారం పట్టే కంటూర్ గేజ్ ప్లాస్టిక్‌వి ఆన్‌లైన్లో దొరుకుతాయి, టైల్స్ పనివాళ్ళు వాడేవి, అవి కూడా పనికొస్తాయి.

ఇప్పుడు ఒక మాట చెప్తే చాలామంది ఒప్పుకోరు. బాగా సన్నగా, వెనక చదునుగా ఉండే నెక్కులతో బొటనవేలు నొప్పి తగ్గకపోగా పెరిగినవాళ్ళని చూశాను. చిన్న చేతులవాళ్ళే వాళ్ళు. ఎందుకంటే నెక్ పల్చగా ఉంటే వేళ్ళకీ బొటనవేలికీ మధ్య సందు తక్కువ, చెయ్యి తెలియకుండానే గిచ్చినట్టు పట్టుకుంటుంది, కాస్త నిండుగా ఉన్న నెక్ అయితే అరచెయ్యి తెరుచుకుని ఉంటుంది. అందరికీ ఇలాగే ఉంటుందని అనను. కానీ నీ నొప్పి బొటనవేలి మొదట్లోనే అన్నావు కాబట్టి చెప్తున్నా, ఎస్ఆర్ వెంటనే మందు అనుకోవద్దు.

చిన్న చేతుల గురించి. చేతులు చిన్నవైతే బాధపెట్టేది నెక్ లావు కంటే ఫ్రెట్ల మధ్య దూరం. మామూలు 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) బేస్‌లో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి 48.5 ఎంఎం, ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి లెక్కేస్తే దాదాపు 130 ఎంఎం. ఫెండర్ టైపు మామూలు గిటార్ 25.5 అంగుళాలది తీసుకో, అదే దూరం 97 చిల్లర. మన యూట్యూబ్ పాఠాలన్నీ గిటార్ నుంచి వచ్చినవాళ్ళు చెప్పేవి కాబట్టి ఫ్రెట్‌కో వేలు అని చెప్తారు, చిన్న చేత్తో ఒకటో ఫ్రెట్ నుంచి అలా చాపితే మణికట్టు మెలితిరగాల్సిందే, అప్పుడు ఏ నెక్ ఇచ్చినా లావుగానే ఉంటుంది. డబుల్ బేస్ వాయించేవాళ్ళ పద్ధతి ఇంకోటి ఉంది, సిమాండ్ల్ అనే డబుల్ బేస్ గురువు పేరుతోనే పిలుస్తారు, కింది ఫ్రెట్లలో చూపుడువేలు, మధ్యవేలు, చిటికెన వేలు మాత్రమే, ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుగా ఉంటుంది, మూడు ఫ్రెట్లు మాత్రం కవర్ చేసి నాలుగోదానికి చెయ్యి జరుపుతారు. ఐదో ఫ్రెట్ దాటాక కావాలంటే ఫ్రెట్‌కో వేలు పెట్టుకో. ఇది అలవాటు చేసుకుంటే చెయ్యి చాపడం మానేసి చెయ్యి జరపడం వస్తుంది, ఇళయరాజా గారి పాటల్లో బేస్ లైన్లు కింద నుంచి పైకి పరిగెడతాయి చూడు, ఎలాగూ ఒకచోట చెయ్యి పాతుకుపోతే అవి రావు.

ఇక నాకు అసలు అనుమానం ఉన్న చోటికి వస్తా. చవక బేసులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు నట్‌లో తీగలు కూర్చునే గాడులు లోతు తక్కువగా కోసి పంపిస్తారు, ఎక్కువ కోస్తే తీగ బజ్ అవుతుంది, అంటే ఫ్రెట్‌కి తగిలి గరగరమంటుంది, వాపస్ వస్తుంది, తక్కువ కోస్తే ఎవరూ కంప్లయింట్ ఇవ్వరు, చెయ్యి నొప్పి అని ఊరుకుంటారు. చూసుకోవడం తేలిక. ఈ (E) తీగని రెండో మూడో ఫ్రెట్ల మధ్య, మూడో ఫ్రెట్‌కి ఆనించి నొక్కు, ఇప్పుడు ఒకటో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. కాగితం పట్టేంత ఉంటే బాగుంది. విజిటింగ్ కార్డు హాయిగా దూరిపోతోందంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే. నాలుగు తీగలకీ చూడు, తరచు ఈ (E), ఏ (A) రెండే ఎత్తుగా ఉంటాయి. నట్ ఎత్తుగా ఉంటే ఒకటో ఫ్రెట్ మీద ఎఫ్ నొక్కడానికి మామూలుకంటే బాగా ఎక్కువ బలం పడుతుంది, ఆ బలం అంతా ఇవ్వాల్సింది వెనకున్న బొటనవేలే. చర్చ్ పాటలు ఎఫ్, బీ ఫ్లాట్ మీద ఎక్కువుంటాయి, నీ చెయ్యి ఎప్పుడూ ఆ మొదటి ఫ్రెట్ దగ్గరే ఉంటుంది, ఇంకెందుకు నొప్పి పుట్టదు.

తర్వాత నెక్ వంగుడు, రిలీఫ్. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి గానీ వేలితో గానీ నొక్కి, ఇంకో చేత్తో బాడీ దగ్గర చివరి ఫ్రెట్ల వైపు అదే తీగ నొక్కితే, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు 0.3 ఎంఎం చుట్టూ ఉండాలి. బాగా ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే, వంగుడు సరిచేసే కడ్డీ) బిగించాలి, అది ఒక్కసారి పావు చుట్టు మించొద్దు, గట్టిగా ఉంటే అసలు తిప్పొద్దు, తెలిసినవాళ్ళకి ఇచ్చెయ్యి. దాని తర్వాత యాక్షన్, పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ అడుగు నుంచి ఫ్రెట్ పైభాగానికి. ఫెండర్ వాళ్ళు చెప్పే లెక్క, 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (పైవైపు వంపు కొలత) ఉన్న ఫింగర్‌బోర్డ్‌కి ఈ (E) తీగ వైపు 2.4 ఎంఎం, జీ వైపు 2 ఎంఎం. నీది 4 ఉందనుకో, ఆ బేస్‌ని తిట్టి లాభం లేదు. ఈ వరస మార్చొద్దు, ముందు రిలీఫ్, తర్వాత బ్రిడ్జి దగ్గర యాక్షన్, చివర్లో నట్. నట్ మాత్రం నువ్వు చెయ్యకు, దానికి సైజుకి తగ్గ ఆకురాళ్ళు కావాలి, ఒక గీత ఎక్కువ పోతే ఓపెన్ తీగ బజ్ అవుతుంది, కొత్త నట్ వెయ్యాల్సిందే. రిపేర్ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు "సెటప్ చెయ్యండి" అని ఊరుకోకు, నట్ గాడులు కూడా చూడండి అని నోరు తెరిచి చెప్పు, లేకపోతే బ్రిడ్జి తిప్పి ఇచ్చేస్తారు. పనిలో పని 45-105 తీగలుంటే (ఇవి తీగల లావు అంకెలు) 40-100 సెట్ వేయించు, సౌండ్ కొంచెం పల్చబడుద్ది గానీ చేతికి సుఖం.

దీని తర్వాత జిగురు సంగతి. మెరిసే గ్లాసీ ఫినిష్ నెక్ మన చెన్నై ఉక్కలో ఏప్రిల్ మే నెలల్లో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, చెమట పట్టేసరికి బొటనవేలు అతుక్కుంటుంది, జరపాలంటే ఎత్తి పెట్టాలి. చెయ్యి జరగకపోతే బుర్ర దానికి "లావు" అని పేరు పెట్టేస్తుంది, ఎస్ఆర్ లాంటివి సన్నగా అనిపించడానికి సగం కారణం వాటి వెనక మెరుపు లేని శాటిన్ ఫినిష్ ఉండటం. నీ నెక్ వెనకాల మెరుస్తుంటే ఒక పని చెయ్యొచ్చు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్కాచ్ బ్రైట్ కొత్తది తీసుకుని, నట్ వెనక నుంచి మడమ వరకు నిలువుగా, ఒకే దిశలో, నొక్కకుండా రుద్దుకుంటూ పో. రెండు నిమిషాలకోసారి గుడ్డతో తుడిచి చేత్తో జరిపి చూడు, మొదట గీతలు పడ్డట్టు కనబడి భయమేస్తుంది, తర్వాత మెరుపు పోయి పాలపొరలా అవుతుంది, అక్కడ ఆపెయ్. మెరుపు మాత్రమే తీస్తున్నాం, ఫినిష్ మొత్తం కాదు, కింద మేపుల్ చెక్క బయటపడితే తేమ పీల్చి నెక్ కదులుద్ది. స్టీల్ వూల్ వాడమని చెప్తారు కొందరు, ఆ పొడి పికప్ అయస్కాంతాలకి పట్టుకుంటే వదలదు, మానెయ్. అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఇది చెయ్యకు, కొనేవాడు బేరం తగ్గిస్తాడు.

బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీ బాధ వేరు. ఫిబ్రవరి మార్చిల్లో గాలి పొడిగా ఉంటుంది, ఫింగర్‌బోర్డ్ చెక్క ఒక పిసరు కుంచించుకుపోయి ఫ్రెట్ల చివర్లు పక్కలకి పొడుచుకొస్తాయి, నెక్ పక్కన చెయ్యి జరిపితే రంపంలా గీరుకుంటుంది. వానాకాలం వచ్చేసరికి తగ్గిపోతుంది కూడా. దాన్ని చూసి నెక్ బాలేదనుకుని అమ్మొద్దు, ఫ్రెట్ ఎండ్స్ ఆకురాయితో గుండ్రం చేయిస్తే చాలు. రోజంతా ఏసీ వేసిన గదిలో పెట్టేవాళ్ళకి ఇక్కడ కూడా ఇదే జరుగుతుంది.

సన్న నెక్ గురించి ఇంకోటి. చెక్క గట్టిదనం మందం ఘనం లెక్కన (మందం × మందం × మందం) పెరుగుద్ది, అంటే 19.5 బదులు 22 ఎంఎం మందం ఉంటే అదే చెక్క 1.4 రెట్లు గట్టిగా ఉంటుంది. నాలుగు తీగలు కలిపి నెక్‌ని ఇంచుమించు 75, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. అందుకే సన్న నెక్కులు చేసేవాళ్ళు ఒకే ముక్కతో చెయ్యరు, ఎస్ఆర్300ఇ నెక్ మేపుల్, వాల్‌నట్ కలిపి ఐదు పట్టీలు అతికించింది. ఖరీదైనవాటికి లోపల గ్రాఫైట్ గానీ టైటానియం గానీ కడ్డీలు పెడతారు. అయినా సన్న నెక్ అంటే నవంబర్ వానలకి ఒకసారి, ఎండలకి ఒకసారి ట్రస్ రాడ్ చూసుకోవడానికి సిద్ధపడాలి. ఈ పని నీకు నువ్వు చేసుకోవడం నేర్చుకుంటే ఇబ్బందేం లేదు.

స్ట్రాప్ గురించి పెద్దగా చెప్పను. కూర్చున్నప్పుడు ఎక్కడుంటుందో నిలబడ్డప్పుడూ అక్కడే ఉండేలా స్ట్రాప్ పొడవు పెట్టు, మోకాళ్ళ దాకా వేలాడేస్తే మణికట్టు మడతపడుద్ది. హెడ్ కిందికి వాలిపోతుంటే ఎడమచేత్తో మోస్తున్నావన్నమాట, వెడల్పాటి లెదర్ స్ట్రాప్ గరుకు వైపు చొక్కాకి ఆనేలా వేసుకో. వాయించేటప్పుడు ఒక్కసారి బొటనవేలు పూర్తిగా తీసేసి చూడు, కుడి మోచేత్తో బాడీని ఒంటికి ఆనించి వేళ్ళ బరువుతోనే నోట్ వస్తోందా అని. సెటప్ సరిగా ఉంటే వస్తుంది, రాకపోతే ఇంకా ఎక్కడో ఎత్తు ఉంది.

ఇంతా చేశాక కూడా నెక్ మార్చాలనే ఉంటే అప్పుడు మౌంట్ రోడ్ వెళ్ళు, 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ కానీ ఇంకో పెద్ద షాపు కానీ, నాలుగైదు రకాలు ఒకేచోట ఉండేది చూసుకో. శనివారం సాయంత్రం వెళ్ళకు, జనం ఉంటే ఎవరూ సరిగా చూడనివ్వరు. నీ స్ట్రాప్ నువ్వు తీసుకెళ్ళి నిలబడి వాయించు. స్లాప్ చేసి (బొటనవేలితో తీగని కొట్టి) షో చెయ్యకు, చర్చ్‌లో వాయించే ఒక పాట మొదటి ఐదు ఫ్రెట్లలోనే, ఎఫ్ లోనో బీ ఫ్లాట్ లోనో, పది నిమిషాలు ఆపకుండా వాయించు. మొదటి నిమిషంలో ఏ కొత్త నెక్ అయినా బాగానే ఉంటుంది, పది నిమిషాల తర్వాత బొటనవేలు ఏమంటోందో అదీ చూడాల్సింది. ముందు నట్ దగ్గర కాగితం పరీక్ష చేసుకో, లేకపోతే రెండు బేసుల సెటప్‌లని పోలుస్తావు, నెక్కుల్ని కాదు. పర్సులో ఉన్న నీ బొమ్మ తీసి పక్కన పెట్టుకో.

నువ్వు అడిగినవాటిలో నా ఓటు జాజ్ నెక్‌కి. వెడల్పు తగ్గుద్ది, వెనక నిండుతనం ఉంటుంది, బొటనవేలికి ఆసరా. ఎస్ఆర్ తేలిక, బాడీ చిన్నది, వేగంగా పోతుంది, అది వాయించేవాళ్ళకి అది లేకపోతే గడవదు, అందులో వంక లేదు, పది నిమిషాల పరీక్షలో నీ చెయ్యి పాసైతే కళ్ళు మూసుకుని కొనుక్కో. ఇంకో దారి కూడా ఉంది. ఫెండర్ లెక్కలో జాజ్ నెక్ మడమ, ప్రెసిషన్ నెక్ మడమ ఒకే వెడల్పు, 2.5 అంగుళాలు, అందుకే ప్రెసిషన్ బాడీకి జాజ్ నెక్ వేసుకోవడం పాత అలవాటే. నీ సౌండ్ నీకుంటుంది, నెక్ మారుద్ది. కాకపోతే నీది కాపీ, మడమ వెడల్పూ, స్క్రూ రంధ్రాలూ కొలవకుండా నెక్ ఆర్డర్ పెట్టకు, విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి ఇంకో బేస్ ధర అయ్యే ప్రమాదం ఉంది.

చేతులు నిజంగానే చిన్నవైతే, 34 అంగుళాల మీద సిమాండ్ల్ పద్ధతిలో కూడా ఇబ్బందైతే, షార్ట్ స్కేల్ చూడు. ఫెండర్ మస్టాంగ్ బేస్ 1966 నుంచి 30 అంగుళాలే, ఐబనెజ్ మైక్రో జీఎస్ఆర్ఎం20 అయితే 28.6. 30 అంగుళాల మీద ఒకటి నుంచి నాలుగో ఫ్రెట్‌కి 114 ఎంఎం చాలు, అంటే ఏకంగా 15 ఎంఎం దాకా మిగులుద్ది, ఏ సన్న నెక్ కూడా నీకు అంత మిగల్చదు. పిల్లల బేస్ అని వెక్కిరించేవాళ్ళని పట్టించుకోకు. ఈ (E) తీగ కొంచెం వదులుగా, బొద్దుగా మోగుతుంది, చర్చ్ పాటలకి అదీ బాగానే ఉంటుంది. తీగలు మాత్రం షార్ట్ స్కేల్‌వే కొనాలి, అవి ఇక్కడ షాపుల్లో ఎప్పుడూ ఉండవు, దొరికినప్పుడు రెండు సెట్లు తెచ్చి పెట్టుకో.

ఐదు తీగలది ఇప్పుడు వద్దు. ఫెండర్ ఐదు తీగల జాజ్ నట్ 47.6 ఎంఎం, ఐబనెజ్ ఎస్ఆర్ ఐదు తీగలది 45, మందం అదే 19.5. అంటే సన్నగానే ఉంటుంది కానీ అరచేతికి పలక పట్టుకున్నట్టు వెడల్పు, బీ తీగ మీద వేలు పడాలంటే మణికట్టు ఇంకా బయటికి వంచాలి. ఎస్ఆర్ ఐదు తీగలదాంట్లో బ్రిడ్జి దగ్గర దూరం 16.5 ఎంఎం దాకా తగ్గించేస్తారు, ఎడమచేతికి సుఖం, కుడిచేతి వేళ్ళకి ఇరుకు. కీబోర్డ్ వాళ్ళు లో డీ, లో సీ కావాలని అడుగుతుంటే అప్పుడు ఆలోచిద్దాం, అప్పటిదాకా ఈ (E) తీగని డీకి దించి వాయించు, చాలా పాటలు గడిచిపోతాయి.

నొప్పితో పాటు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిళ్ళు మెలకువ వచ్చేంత నొప్పి ఉన్నా ఇవన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించుకో, రోజంతా మౌస్ పట్టుకునే ఉద్యోగం నీది, తప్పంతా బేస్ మీద వెయ్యలేం. అది లేదంటే ఈ వారం కాగితం పరీక్ష చేసి నాలుగు తీగలకీ ఎంత సందుందో, పదిహేడో ఫ్రెట్ దగ్గర ఎంత ఎత్తుందో, మొదటి ఫ్రెట్, పన్నెండో ఫ్రెట్ మందాలతో సహా రాసి పెట్టు. ఆ నంబర్లు చూశాక సెటప్‌తో పోతుందా, నెక్ మార్చాలా చెప్తాను.